వంటషెడ్డు వెనక ఇరవై రౌండ్లు

బచేలి స్టేషన్లో దిగేసరికి సాయంత్రం ఆరున్నర. జూన్ మొదటి వారం. వానలింకా మొదలవలేదు. ప్లాట్‌ఫారం, బెంచీలు, బెంచీల కింద కుక్కలు, అన్నీ ఇనుప ధూళితో ఎర్రగా ఉన్నాయి. నా దగ్గర నల్ల ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, రెండు సీసాల నీళ్ళు. మాది శృంగవరపుకోట. ఖనిజం మోసుకుని విశాఖ వెళ్ళే గూడ్సుబళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తూనే పెరిగాను. అవి ఎక్కడి నుంచి వస్తాయో ప్రభుత్వ ఖర్చుతో చూసే భాగ్యం ముప్పై ఏళ్ళకి కలిగింది.

మా క్యాంపు అక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. రోడ్డు పక్కన చిన్న దిబ్బ. అరవై ఇద్దరు జవాన్లం. చుట్టూ రెండు వరసల ముళ్ళకంచె. ఎవరైనా తాకితే మోగాలని కంచెకి ఖాళీ సీసాలు కట్టారు. అవి గాలికీ మోగేవి. మొదటి వారం ప్రతి మోతకీ ఉలిక్కిపడి లేచేవాణ్ణి. పాతవాళ్ళు అటు తిరిగి పడుకునేవారు.

పని ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, అయిదుంబావుకి గేటు దాటడం, బండ్లు కదిలే ముందు రోడ్డంతా నడిచి చూడటం. నక్సలైట్లు పెట్టిన మందుపాతర ఉందేమో అని. ఏడు కిలోమీటర్లు. మనిషికీ మనిషికీ పదిహేను అడుగులు. మా ముందు నడిచేది హవల్దారు. హర్యానా మనిషి, నలభై ఎనిమిదేళ్ళు, హిందీ తప్ప మరో మాట రాదు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళం. రేడియో ఆపరేటరు భద్రాచలం వైపు కుర్రాడు. క్యాంపులో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. అతని రేడియోకి రెండో బ్యాటరీ మోసే పని నాది.

మూడో వారం, ఉదయం అయిదూ యాభైకి, నాకూ ఉస్తాద్‌కీ మధ్య నడుస్తున్న జవాను కాలు పోయింది. మోత గుర్తులేదు. అతని బూటు రోడ్డు అవతల నిటారుగా నిలబడి ఉంది. లేసు ముడి విడలేదు. మనిషి బతికాడు, ఇప్పటికీ పండగలకి ఫోన్ చేస్తాడు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. భయమని కూడా అనిపించలేదు. మధ్యాహ్నం పప్పూ అన్నం మామూలుగా తిన్నాను.

మర్నాడు నాలుగున్నరకి బూటు లేసు కట్టుకోబోతే వేళ్ళు లేసుని పట్టుకోలేదు. పక్క మంచం అతను చూడకుండా లేసుని బూటులోపలికి తోసేసి నడిచాను. రోజూ అదే.

డాక్టరుతో చెప్పొచ్చు కదా అని మీరడగొచ్చు. చెప్తే కాగితం మీద రాస్తారు. రాస్తే రైఫిలు తీసేసుకుంటారు. నాకు ముందు ఒకతను అలాగే చెప్పుకున్నాడట. వంటషెడ్డులో ఉల్లిపాయలు కోయడానికి పెట్టారు. నాలుగు నెలలు కోసి ఇంటికెళ్ళాడు, మళ్ళీ రాలేదు. నాకు ఆ ఉద్యోగం తప్ప ఇంకో బతుకు తెలియదు.

ఉదయం వ్యాయామం అక్కడ లేదు. ఎదురు కొండ మీంచి మైదానం కనిపిస్తుందని, గుంపుగా నిలబడొద్దని ఆర్డరు. శిక్షలు మాత్రం ఉన్నాయి. వీపున వేసుకునే పెద్ద సంచిని పిట్టూ అంటారు. దాన్ని ఇసుకతో నింపి, రైఫిలు రెండు చేతులతో తల మీదికెత్తి పట్టుకుని పరుగెత్తాలి. ఆ శిక్ష పేరు కూడా పిట్టూయే. చోటు వంటషెడ్డు వెనక, కొండకి కనిపించని పక్క. టైము సాయంత్రం నాలుగు.

జులైలో ఒకరోజు గడ్డం గీసుకోలేదని ఉస్తాద్ నాకు ఇరవై రౌండ్లు వేశాడు. పదహారు కిలోల ఇసుక. పదో రౌండుకి కళ్ళు బైర్లు కమ్మాయి. పదిహేనో రౌండుకి తలలో ఏమీ లేదు. ఆ రాత్రి సీసాలు మోగాయో లేదో తెలియదు. మర్నాడు లేసు మొదటిసారికే ముడి పడింది.

మూడు రోజులకి మళ్ళీ వేళ్ళు మొరాయించాయి. నేను చొక్కా జేబు గుండీ పెట్టుకోవడం మర్చిపోయాను. అంటే, మర్చిపోయినట్టు కనిపించాను. ఇరవై రౌండ్లు. ఆ తర్వాత టోపీ. ఆ తర్వాత నీళ్ళ సీసా మూత. ఇంత మొద్దు ఆంధ్రావాణ్ణి పుట్టి బుద్ధెరిగి చూడలేదని క్యాంపంతా నవ్వేది. నవ్వితే నవ్వారు. నాకు నిద్ర పడుతోంది.

ఆపరేటరు మాత్రం నవ్వలేదు.

"ఏంది అన్నా, కావాల్నని చేస్తున్నవా?"

"ఊరకుంటే చేతులాగట్లేదురా. పరిగెడితే ఆగుతన్నాయి."

"ఉస్తాద్‌కి ఎర్కైతే?"

"నువ్వు చెప్పకపోతే ఎలా తెలుస్తాది?"

అతను చెప్పలేదు. కానీ ఆగస్టులో వానలు ముదిరాక ఉస్తాద్ మెత్తబడ్డాడు. గుండీ చూసి, పెట్టుకో అని వెళ్ళిపోయేవాడు. తొమ్మిది రోజులు శిక్ష లేదు. చేతుల వణుకు రైఫిలు దాకా వచ్చింది. ఇంకాస్త పెద్ద తప్పు కావాల్సి వచ్చింది. రెండో బ్యాటరీ మంచం కింద వదిలేశాను. గేటు దగ్గర ప్రతి సంచీ విప్పి చూస్తారు, దొరుకుతాను, తెచ్చుకుంటాను, సాయంత్రం రౌండ్లు పడతాయి. అదీ నా లెక్క.

ఆ రోజు కుండపోత వాన. గేటు దగ్గర ఎవరూ సంచులు విప్పలేదు. నోరు తెరిచి చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆరూ ముప్పై అయిదుకి ఒక కల్వర్టు దాటాం. మందుపాతరలు పసిగట్టే యంత్రం పలకలేదు. దారి క్లియర్ అని ఆపరేటరు క్యాంపుకి చెప్పాడు. ఏడింటికి క్యాంపు నుంచి బండి బయల్దేరుతుంది, అందులో ఇరవై నలుగురు సెలవు మీద ఇళ్ళకి పోతున్నారు. ఆరూ నలభై అయిదుకి పొదలో ఒక వైరు దొరికింది. వాన మట్టిని కడిగేసి బయటపెట్టింది. అది వెనక్కి, మేం దాటి వచ్చిన కల్వర్టు కిందికే పోతోంది.

ఆపరేటరు రేడియో సెట్టు ఎత్తాడు. సెట్టులో ప్రాణం లేదు. చెయ్యి నా వైపు చాపాడు.

"అన్నా, బ్యాటరీ."

"లేదు" అన్నాను.

ఉస్తాద్ నా ముఖం చూశాడు. బండిని ఆపాలంటే ఎవరో ఒకరు పరుగెత్తాలి. ఆ జట్టులో పరుగు అలవాటున్నది నాకే. రెండు నెలలుగా పరుగెత్తింది నేనే. నాకు ఆ సంగతి తెలుసు, ఉస్తాద్‌కీ తెలుసు. నా కాళ్ళు కదల్లేదు. కదలమని చెప్పాను కూడా. కదల్లేదు.

ఉస్తాద్ సంచి కింద పడేశాడు. కల్వర్టు పక్కన వాగులోకి దిగి, అవతలి గట్టు ఎక్కుతూ జారిపడి, లేచాడు. వానలో చూసి శత్రువనుకుని మనవాళ్ళే కాలుస్తారని రైఫిలు రెండు చేతులతో తల మీదికెత్తాడు. అలాగే పరుగెత్తాడు. ఎడమ కాలు కుంటుతోంది. రోడ్డు మలుపులో కనిపించకుండా పోయాడు.

ఏడూ నాలుగుకి బండి ఇంజను వినిపించింది. ఏడూ పదకొండుకి ఆగింది, కల్వర్టు దాకా రాకుండానే. ఆపరేటరు నా చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రం ఉస్తాద్ మంచం దగ్గరకి వెళ్ళాను. మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఉన్నదంతా చెప్పేశాను. రైఫిలు కూడా మంచం మీద పెట్టాను. తప్పులు కావాలని చేస్తున్నావని రెండో వారంలోనే కనిపెట్టానన్నాడు ఆయన. తను కూడా అందరికంటే ముందు లేచి ఆ వంటషెడ్డు వెనకే పరుగెత్తేవాణ్ణనీ, తనకి శిక్ష వేసేవాడు లేడు కనుక ఎవరికీ తెలియలేదనీ చెప్పాడు. తొమ్మిది రోజులు వదిలేసింది, నేను నోరు విప్పి అడుగుతానేమోనని.

ఆ తర్వాత ఆయన అన్న మాట తెలుగులో చెప్పాలంటే ఇది: "తప్పు చెయ్యక్కర్లేదు. నాలుగింటికి వచ్చెయ్. రైఫిలు తీసుకో."

శిక్ష వెయ్యలేదు. వేసుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మోకాలు మళ్ళీ బాగవలేదు. నేను పరుగెత్తుతుంటే ఆయన బోర్లించిన నూనెడబ్బా మీద కూర్చుని రౌండ్లు లెక్కపెట్టేవాడు. క్రమంగా మరో ఆరుగురు వచ్చి చేరారు. ఎవరూ ఎందుకని అడగలేదు. మార్చిలో ఆయన్ని ఇంటికి పంపేశారు. నేను మరుసటి ఆగస్టులో అదే నల్ల ట్రంకుపెట్టెతో బచేలిలో రైలెక్కాను. సంతోషంగా ఉంటుందనుకున్నాను. కిటికీ లోంచి అడవి వెనక్కి పోతుంటే పోనిచ్చాను.

ఇప్పుడు ఉదయం అయిదున్నరకి శృంగవరపుకోట స్కూలు గ్రౌండులో ఇరవై రౌండ్లు. షుగరా అని అడుగుతారు, అవునంటాను. వాకింగుకి వచ్చేవాళ్ళు చివర్లో వరసగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపిరి పీలుస్తారు. నన్నూ రమ్మంటారు. ఆ కాసేపు నేను పక్కకి వెళ్ళి, వంగి, బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటాను. చేతులెత్తితే ఆ తడి రోడ్డు మీద ఉస్తాద్ కుంటుతూ మలుపు దాకా పరుగెత్తుతుంటాడు. నేను నిలబడి చూస్తుంటాను.