మా చెల్లె కనిపెట్టిన నంబరు

నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. క్లాసులో ఎవరైనా లెక్కను సాగదీసి చేస్తే నాకు ఒళ్లు మండేది. రెండు లైన్లలో తేలేదానికి రెండు పేజీలు ఎందుకని సుద్దముక్క విసిరేవాణ్ణి. ఆ గుణాన్ని క్లాసులోనే వదిలేసి బయటికి వచ్చి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మా చెల్లె నాకంటే మూడేళ్లు చిన్న, లెక్కల్లో నాకంటే పెద్ద. ఇది వినయంతో అంటున్న మాట కాదు. నాకు వినయం లేదని నన్ను ఎరిగినవాళ్లు ఎవరైనా చెబుతారు. తను పదో తరగతి పాసైన ఎండాకాలంలో అమ్మకు పక్షవాతం వచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఆ ఒకరు ఎవరన్న చర్చ మా ఇంట్లో జరగనే లేదు. నేను బస్సెక్కి కాలేజీకి పోయాను, తను వంటింట్లోకి పోయింది.

పెళ్లయినాక కూడా చెల్లె మేము పుట్టి పెరిగిన కాశిబుగ్గలోనే ఉంది. జాకెట్లు కుట్టేది. మా చర్చిలో పాటల నంబర్లు పెట్టే పని కూడా తనదే. గోడకు ఒక చెక్క బోర్డు ఉంటుంది. ఆదివారం ఏ పాటలు పాడతారో వాటి నంబర్లు అందులో కనిపిస్తే, జనం పుస్తకంలో ఆ పేజీ తీసుకుంటారు. శనివారం సాయంత్రం పాస్టరు అయ్యగారు చీటీ పంపేవారు. చెల్లె పోయి అంకెల అట్టముక్కలు ఒక్కొక్కటే గాడిలోకి తోసేది. తొమ్మిది తక్కువ పడితే ఆరును తలకిందులు చేసేది. ప్రసంగం సాగుతున్నంతసేపూ అందరూ అయ్యగారిని చూస్తుంటే తను మాత్రం బోర్డు వైపే చూస్తూ కూర్చునేది. అది భక్తే అనుకునేవాళ్లం.

ఒక ఆదివారం వాళ్లింట్లో అన్నం తిని లేవబోతుంటే నా చేయి పట్టి ఆపింది.

"అన్నా, జర కూసో. ఏదన్న మూడంకెల నంబరు చెప్పు."

పొద్దున బోర్డు మీద చూసిన 145 చెప్పాను. దాని అంకెలను పెద్దది ముందుండేలా రాసింది, 541. చిన్నది ముందుండేలా రాసి, 145, దాన్ని అందులోంచి తీసేసింది. 396 వచ్చింది. దాంతో మళ్లీ అలాగే చేసింది, 963లోంచి 369 పోతే 594. ఇంకోసారి, 954లోంచి 459 పోతే 495. అక్కడ పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది. 495ను ఎన్నిసార్లు తిప్పి తీసేసినా మళ్లీ 495 మాత్రమే వస్తుంది.

"ఏది తీస్కున్నా గీ కాడికే వచ్చి ఆగుతాందన్నా. మూడు అంకెలు ఒక్కటే అయితే సున్నా వస్తది, గవి తప్ప. నూరు కాడ్నించి ఒక్కొక్కటే చేస్తాన్న. ఆరు వందల నంబర్లు అయినయ్."

రెండొందల పేజీల నోటుబుక్కు. బియ్యం పొయ్యి మీద పెట్టి, కుట్టుమిషను ఆపి, ఒక్కొక్క నంబరూ చేసుకుంటూ వచ్చింది. ఏడాది పట్టిందట. అప్పటికి తనకు యాభై ఐదు దగ్గర పడ్డాయి. ఆ మొహంలో అంత వెలుగు నేను పదో తరగతి రిజల్టు నాడు తప్ప ఎప్పుడూ చూడలేదు.

"ఇది ఇంకెవలికన్న ఎరుకేనా అన్నా?" అని మెల్లగా అడిగింది.

నేను నవ్వాను. "పిచ్చిదానా, ఇది ఎప్పుడో కనిపెట్టిండ్రు. పుస్తకాలల్ల ఉన్నది" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? తన చేతిలోంచి పెన్ను లాక్కున్నాను. మొదటిసారి తీసేసినప్పుడు మధ్య అంకె ఎగిరిపోతుందనీ, మిగిలేది 99కి ఒకటి నుంచి తొమ్మిది రెట్లలో ఏదో ఒకటేననీ, ఆ తొమ్మిదింటినీ సరిచూస్తే కథ ముగిసినట్టేననీ అదే పేజీ కింద రాసి చూపించాను. "తొమ్మిది చేస్తే అయిపోయేదానికి ఆరు వందలు చేసినవా?" అని కూడా అన్నాను.

"అవునా? నువ్వు చేసింది మంచిగున్నదన్నా" అని చాయ్ పెట్టడానికి లేచింది. కోపం లేదు. కోపం ఉన్నా నాకు తెలిసేది కాదు, నేను నా రెండు లైన్లు చూసుకుని మురిసిపోతున్నాను.

తర్వాత రెండు నెలలకు వాళ్లింటికి పోతే మిషను మీద అదే నోటుబుక్కు కనిపించింది. తెరిచాను. నా రాత ఉన్న పేజీ తర్వాత ఒక్క నంబరు కూడా చేయలేదు. మిగిలిన పేజీల్లో జాకెట్ల కొలతలు రాసుకుంటోంది. భుజం పద్నాలుగు, చేయి తొమ్మిదిన్నర. మూసి ఉన్నచోటే పెట్టి, వాన వచ్చేలా ఉందనో ఏదో మాట్లాడి వచ్చేశాను.

మూడేళ్లకు చెల్లె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు హనుమకొండలో దవాఖానకు పోవాలి, పోయినప్పుడల్లా రక్తం శుద్ధి చేసే మిషను పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. నేను రిటైరయ్యాను కాబట్టి ఆటోలో తీసుకుపోవడం నా వంతయింది. రెండో వారంలో ఒక కొత్త నోటుబుక్కు కొనుక్కొచ్చి తన కుడిచేతి కింద పెట్టాను.

"మూడంకెలవి, నాలుగంకెలవి చేసిండ్రు గని, ఐదంకెలవి ఎవలూ చూడలే చెల్లె. అంతటా వెతికిన. నువ్వు చెయ్యి" అన్నాను.

అది శుద్ధ అబద్ధం. అదీ ఎప్పుడో చేసేశారు.

నన్ను కాసేపు చూసింది. "నిజంగనా?"

"నిజంగనే."

చేసింది. సూది గుచ్చిన ఎడమచేయి కదల్చకుండా, కుడిచేత్తో వంకరటింకరగా చేసింది. నాలుగు నెలల్లో సగం బుక్కు నిండింది. ఒకనాడు, "ఇవి ఒక్క కాడ ఆగుతలేవన్నా, సుట్టు తిరుగుతానయ్" అని 62964, 71973, 83952, 74943, మళ్లీ 62964 అని చూపించింది. నేను కళ్లు పెద్దవి చేసి, నర్సును కూడా పిలిచి చూపించాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ నటించలేదనుకున్నాను. చెడగొట్టినదాన్ని బాగుచేశానని లోపల ఎంత సంతోషమో. ఆటోలో తిరిగి వస్తూ పాటలు కూడా పాడాను, తను నవ్వింది.

ఐదో నెలలో, ఒక గురువారం పొద్దున, చెల్లె పోయింది.

జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, వచ్చినవాళ్లంతా భోజనం చేసి వెళ్లిపోయాక, మేనకోడలిని పిలిచాను. "బిడ్డా, మీ అమ్మ దవాఖాన నోటుబుక్కు జాగ్రత్త. నేను టైపు చేయించి, మీ అమ్మ పేరు పెట్టి చర్చిల అందరికి పంచుత" అన్నాను.

ఆ పిల్ల చేతిలోని గిన్నెను తుడుస్తూ చెప్పింది.

"మామా, గా ఐదంకెలవి ముందే ఉన్నయని అమ్మకు ఎరుకే. నువ్వు బుక్కు ఇచ్చిన దినమే ఇంటికొచ్చి నా ఫోన్ల చూపియ్యమన్నది. అన్నీ ఉన్నయ్ అండ్ల."

"మరి ఎందుకు చేసింది?"

"నేను గదే అడిగిన. 'మీ మామ సంబురపడుతాండు, చెప్పకు. ఆయనకు సారీ అనుడు రాదు, గిట్ల అంటాండు' అన్నది."

గిన్నె తీసుకుని మేనకోడలు లోపలికి పోయింది. నేను కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. నాలుగు నెలలు, వారానికి రెండు రోజులు, రోజుకు నాలుగు గంటలు పక్కనే ఉన్నాను. ఆ ఒక్క మాట నోరు తెరిచి అనలేదు.