పడుగు అతికే చెయ్యి

కాటన్‌పేటలో మాకు ఆరు మగ్గాలు ఉండేవి. ఆరింటికీ పడుగు అతికింది చిక్కమునియప్ప ఒక్కడే. ఈ పని ఎరగనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగులు, నేసి నేసి అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలు అలాగే ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కొక్క పాత పోగు కొసకు ఒక్కొక్క కొత్త పోగు కొస చేర్చి, వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని మెలిపెట్టి అతుకుతారు. పట్టు చీరలకైతే నాలుగు వేల పైచిలుకు పోగులు. ఒక్కటి అటూ ఇటూ అయితే అంచు చెడుతుంది. అప్పుడు నేసేవాడు నా తల తింటాడు, నేను మునియప్ప తల తింటాను. ఆ ఇంట్లో నేను స్వయంగా చేసే పని అదొక్కటే కనుక బాగానే చేసేవాణ్ణి.

మునియప్ప నాకంటే ఆరేళ్ళు చిన్న. బక్కపలచటి మనిషి, వేళ్ళు మాత్రం పొడుగు. అతను వేసిన అతుకు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. కానీ పొద్దున లేస్తూనే ఆ వేళ్ళు వణికేవి. కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నా సగం పంచె మీదే పడేది. సారాయి పడితే చెయ్యి నిలిచేది. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అతను పనికి కూర్చునే ముందు మగ్గం పక్కన పీట మీద ఇత్తడి లోటాతో సారాయి పెట్టాలి. మధ్యాహ్నం ఇంకో లోటా. అతని నాయనకు మా నాయన పోశాడు, ఇతనికి నేను పోశాను. అంగడి నుంచి తెచ్చేది అతని భార్య పిల్లమ్మ, లోటా తోమేది నా భార్య రత్నమ్మ. ఇందులో తప్పుందని మా నలుగురిలో ఎవరికీ తోచలేదు. రాట్నానికి నూనె వేసినట్టు ఇతనికిది వేస్తున్నాం అనుకునేవాళ్ళం.

"చుక్క పడిందంటే మునియప్పను మించినోడు పేటలోనే లేడు" అని పదిమందిలో చెప్పేవాణ్ణి. అతను కూడా అది పొగడ్త అనుకునే తల వంచుకుని నవ్వేవాడు.

నలభై రెండు ఆగస్టులో పేటంతా గలాటా అయింది. హర్తాళ్ అన్నారు, ఊరేగింపులన్నారు, పోలీసులొచ్చారు. అంగళ్ళన్నీ మూతబడ్డాయి, సారాయి అంగడి కూడా. సరిగ్గా ఆ వారమే మా మూడో మగ్గం మీద పడుగు అయిపోయింది. మునియప్ప వచ్చి ఖాళీ లోటా వైపు ఒకసారి చూసి కూర్చున్నాడు. బూడిద అద్దుకున్నాడు. పాత పోగు తీశాడు, కొత్త పోగు తీశాడు, రెండూ కలవవు. కలిసినా వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. గంటసేపట్లో పదకొండు అతుకులు వేశాడు. నేను లాగి చూస్తే వాటిలో ఏడు ఊడొచ్చాయి. చివరికి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"ఈ చెయ్యి నాది కాదప్పా" అన్నాడు. "అంగడోడిది. వాడు తలుపు తీస్తేనే ఇది నాకి వస్తాది."

నాకు ఒళ్ళు మండింది. మగ్గం ఖాళీగా పడి ఉంటే వీడు వేదాంతం చెబుతున్నాడు అనిపించింది. "చాల్లే పో, అంగడి తీసినాక రా" అని పంపేశాను.

అంగడి ఐదు దినాలు తీయలేదు. ఆ ఐదు దినాలూ అతనింట్లో ఏం జరిగిందో చాలాకాలం తర్వాత పిల్లమ్మ రత్నమ్మతో చెప్పింది. మొదటి రెండు దినాలూ చెమటలు, వాంతులు. మూడో దినం గోడ మీద పోగులు పాకుతున్నాయి చూడమని భార్యను పిలిచాడు. ఆమె చూసింది, గోడ తప్ప ఏమీ లేదు. లేదని చెప్పకుండా చేత్తో గోడంతా తుడిచి, "పోయినాయిలే" అందట. నాలుగో దినం రాగి అంబలి కడుపులో నిలిచింది. ఐదో దినం పొద్దున కాఫీ గ్లాసు ఒక చేత్తో పట్టుకున్నాడు. చెయ్యి వణికింది కానీ కాఫీ ఒలకలేదు.

ఆరో దినం అంగడి తీశారు. నేను కబురు పెట్టాను, లోటా పెట్టాను, అతను తాగాడు, పడుగంతా అతికాడు. నా మగ్గం ఆడింది, నేను సంతోషించాను. అతనికి మాత్రం ఆ ఒలకని కాఫీ మనసులోంచి పోలేదు.

దసరా వెళ్ళిన వారానికి వచ్చి మా అరుగు దగ్గర నిలబడ్డాడు.

"అప్పా, తాగేది ఇడిచిపెడతా ఉండా. కొన్నాళ్ళు నాకి అతికే పని వద్దు. వేరే ఏ పనైనా ఇయ్యి."

నేను నవ్వాను. "మరి నా పడుగులు ఎవరు అతకాల? నీ చెయ్యి నిలిచేకి మందు అదే కదప్పా!"

"మందు కాదు, రోగమే అది. ఐదు దినాలు కూర్చుని చూసుకుంటి. తగ్గతా వచ్చింది. ఆరో దినం నువ్వు పిలిస్తివి."

ఆ మాటలో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడంతే. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది. పంతానికి ఆడవాళ్ళతో కూర్చుని కండెలు చుట్టే పని ఇచ్చాను. పేటలో పేరున్న అతుకుల పనివాడు రాట్నం ముందు కూర్చుంటే సిగ్గుపడి వారంలో దారికొస్తాడని రత్నమ్మతో పందెం కాశాను. ఆమె నన్నొక చూపు చూసి లోపలికి పోయింది. కబ్బన్‌పేట నుంచి ఇంకొకణ్ణి పిలిపించాను. వాడి అతుకులు ఆవగింజంత లావు, రోజూ వాడితో గొడవే.

మునియప్ప సిగ్గుపడలేదు. కండెలు చుట్టాడు. చుడుతూ చుడుతూ చేతులు వణికితే ఆపి, మళ్ళీ చుట్టేవాడు. సంక్రాంతి ముందర ఒకసారి జారాడు. ఒక సాయంత్రం అంగడికి పోయి నిండా తాగి వచ్చాడు. పిల్లమ్మ అరవలేదు, ఏడవలేదు. పొద్దున లేపి, "ఈ దినం నుంచి మళ్ళా మొదలుపెట్టు" అని మాత్రం అందట. మొదలుపెట్టాడు. ఆ తర్వాత జారలేదు.

పగలు ఎలాగో గడిచేది. దీపాలు పెట్టే వేళ వస్తే ఏం చెయ్యాలో అతనికి తెలిసేది కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ వేళ అతనుండేది అంగట్లోనే. కొన్నాళ్ళు మా అరుగు మీదికొచ్చి కూర్చుని, వాన గురించీ కిరసనాయిలు గురించీ మాట్లాడి నన్ను విసిగించాడు. తర్వాత పిల్లమ్మను వెంటబెట్టుకుని రైలు స్టేషన్ దాకా నడవడం మొదలుపెట్టాడు. వేయించిన వేరుశనక్కాయలు కొనుక్కుని, మైసూరు రైలు కదిలేదాకా చూసి, తిరిగి నడిచొచ్చేవాళ్ళు. మొగుడూ పెళ్ళామూ అలా పక్కపక్కన షికారు పోవడం మా వీధిలో ఎవరూ చెయ్యరు. వీధంతా నవ్వింది. నేనూ ఊరుకోలేదు.

"ఏం కొత్త పెళ్ళికొడకా, ఈ దినం రైలు టైముకి పోయిందా?"

"పోయిందప్పా" అన్నాడు. "పెండ్లయి ఇన్నేండ్లకి ఈయమ్మ మాట్లాడేది వింటా ఉండా. శానా మాట్లాడతాదప్పా, నాకి తెలియనే లేదు."

పిల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది. ఆ చలికాలమే మా ఇంట్లో అవరేకాయల సారు, అదే అనపగింజల పులుసు, చేస్తే మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు. చిన్నప్పటి నుంచి తింటున్నదే, కానీ రుచి ఇప్పుడు తెలిసిందని రత్నమ్మతో అన్నాడు. మనిషికి కాస్త ఒళ్ళు కూడా వచ్చింది.

ఇంటి దగ్గర అతను తెగిన నూలు ముక్కలు ముందేసుకుని రోజూ వంద అతుకులు వేసి, పిల్లమ్మకిచ్చి లాగి చూడమనేవాడని తర్వాత తెలిసింది. ఉగాదికి ఒక ముతక నూలు పడుగు అడిగి మరీ అతికాడు. ఒక దినంలో అయ్యే పనికి రెండు దినాలు తీసుకున్నాడు. ఒక్క అతుకూ ఊడలేదు. అప్పటి నుంచి నూలు పడుగులు ఇచ్చాను. పట్టు ఇవ్వలేదు. అతను అడగనూ లేదు.

నలభై నాలుగులో పట్టు కరువైంది. యుద్ధంలో పారాచూట్లకని సర్కారు పట్టంతా తీసుకుంటోంది. నేను కాళ్ళావేళ్ళా పడి, నాలుగు పెళ్ళి చీరలకు సరిపడా ఒకే ఒక్క పడుగు సంపాదించాను. అప్పటికి కబ్బన్‌పేట వాడు మిల్లులో చేరిపోయాడు. ఇక మునియప్ప తప్ప దిక్కు లేదు. చెప్పగానే అతని ముఖం వెలిగింది. చుక్క లేని చేత్తో పట్టు అతకడం అతనికి అదే మొదటిసారి.

నాకు మాత్రం భయం. ముతక నూలు వేరు, పట్టు వేరు. పోగు జారితే? చెయ్యి మధ్యలో మొరాయిస్తే? ఆ పొద్దున నేను చేసిన పని ఎవరూ చెయ్యమని చెప్పలేదు. అంగడికి మనిషిని పంపి సారాయి తెప్పించి, పాత పీట మీద, పాత చోటే, లోటా నిండా పోసి పెట్టాను.

మునియప్ప స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చాడు. మగ్గం ముందు కూర్చుని బూడిద గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. అప్పుడు వాసన తగిలింది.

"ఎవరు పెట్టినారు?"

"నేనే. పట్టు మునియప్పా, మళ్ళా దొరికేది కాదు. ఈ ఒక్క దినం తాగు. రేపటి నుంచి నీ ఇష్టం."

అతని కుడిచెయ్యి బూడిద గిన్నె మీద నుంచి లేచి లోటా వైపు జరిగింది. జానెడు దూరంలో ఆగింది. నేను కళ్ళారా చూశాను. చూసి కూడా లోటా తీసెయ్యలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చటుక్కున లేచి వీధిలోకి పోయాడు. అయిపోయింది, నేరుగా అంగడికే పోయాడనుకున్నాను. అరగంటకు పిల్లమ్మతో తిరిగొచ్చాడు. ఆమె గడప లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. అంతకుముందు ఎప్పుడూ నాతో తలెత్తి మాట్లాడిన మనిషి కాదు.

"నరసింహప్పన్నా, ఒకటిన్నర ఏడు ఈ మనిషిని నిలబెట్టుకుని ఉండా. పట్టు పోతే ఇంకో పట్టు తెస్తువు. ఈయప్ప పోతే నాకి యాడ నుంచి తెచ్చిస్తువు?"

నా జవాబు కోసం ఆగలేదు. లోటా తీసుకుపోయి కాలవలో పోసి, చింతపండుతో తోమి, నీళ్ళు నింపి తెచ్చి పెట్టింది. భర్త పక్కనే కూర్చుంది. పోగు తర్వాత పోగు, రెండు దినాలు. ఆమె వరస చూసి అందిస్తుంటే అతను అతికాడు. మధ్య మధ్య నీళ్ళు తాగాడు. వేళ్ళు ఎక్కడా వణకలేదు. రెండో దినం మధ్యాహ్నం చివరి పోగు పడ్డాక పడుగు ముందుకు లాగాం. నాలుగు వేల పైచిలుకులో ఒక్కటి ఊడలేదు. ఆ పడుగు మీద దిగిన నాలుగు చీరలంత చక్కటివి మా ఇంట్లో మళ్ళీ దిగలేదు.

ఇప్పుడు నలభై తొమ్మిదో సంవత్సరం. మునియప్ప ఇంకా వెనక సందులోనే ఉంటాడు. కబ్బన్‌పేటలో ఐదారు ఇళ్ళకు పట్టు పడుగులు అతుకుతాడు. సాయంత్రమైతే మొగుడూ పెళ్ళాం స్టేషన్ వైపు నడుస్తారు, ఇప్పుడు ఎవరూ నవ్వరు. ఎదురైతే ఆగి, రత్నమ్మ ఆరోగ్యం అడిగి వెళ్తాడు. మా గడప మాత్రం తొక్కడు. నా మగ్గాలు ఆరు కాస్తా రెండయ్యాయి. మంచి అతుకులవాడు లేకపోవడమే దానికి సగం కారణం. ఎందుకు రాడని పేటలో నన్ను చాలామంది అడిగారు. ఎవరికీ చెప్పలేదు.

ఆ దినం పట్టు పడుగు పూర్తయ్యాక అతను పెరట్లో చేతులు కడుక్కుంటుంటే నేనే దగ్గరికి పోయాను. "ఇంకమీద నా పట్టు పడుగులన్నీ నీవే మునియప్పా" అన్నాను. అతను చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నేను రాలేనప్పా."

"కోపమా?"

"కోపం యాల అప్పా? మా నాయన నాటి నుంచి మీ అన్నం తింటిమి. నీ ఇంట్లో నా చెయ్యి ఆ లోటా పక్కకి పోయింది. నీకి మళ్ళా భయమైతే నువ్వు మళ్ళా పెడతావు. పెట్టవని నమ్మేకి నాకి ధైర్యం లేదు."

ఇంకెప్పుడూ పెట్టను అని చెప్పడానికి నోరు తెరిచాను. అతను నా ముఖంలోకి చూస్తూ, ఆ మాట కోసం నిలబడ్డాడు. నాకా మాట రాలేదు.