ఆ లైను తీసేది లేదు

బట్టల షాపులో పద్దెనిమిదేళ్ళు నిలబడ్డ మనిషికి బయోడేటా రాయడమంటే మాటలా? షాపులో ఆవిణ్ణి అందరూ పెద్దక్క అనేవారు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని చూసి, కొనేవాళ్ళో ఊరికే బేరమాడిపోయేవాళ్ళో చెప్పేసేది. ఇద్దరికీ ఒకే ఓపికతో తానులు పరిచి చూపించేది. ఇవన్నీ ఆవిడ తమ్ముడి భార్య కంప్యూటర్లో చకచకా కొట్టింది. పాత ఉద్యోగం ఎందుకు మానేశారన్న దగ్గరే వచ్చింది చిక్కు.

"కుటుంబ కారణాలని రాసేస్తాను వదినా."

"కుటుంబం ఏం చేసింది పాపం? కౌంటర్లో అమ్మాయిలకి కూర్చోడానికి స్టూళ్ళు అడిగితే నన్ను తీసేశారు. అదే కొట్టు."

మరదలు తల పట్టుకుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేసుకుంటారా?"

"అడగందే అమ్మయినా పెట్టదని కూడా అంటారు. కొట్టు."

నిజానికి ఆవిడ అడిగింది తన కోసం కాదు. నెలలు నిండుతున్న పిల్ల ఒకతి కౌంటర్లో నిలబడి నిలబడి కళ్ళు తిరిగి కూలబడితే, ఓనరు వచ్చి ముందు కిందపడ్డ బట్టలు తీయించాడు. తలుచుకుంటే పెద్దక్కకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. అంతటిదాన్ని కుటుంబ కారణాల కింద పాతిపెట్టడానికి మనసొప్పలేదు.

రెండు షాపులవాళ్ళు కాగితం చివరిదాకా చదివి "చెబుతాం" అన్నారు. చెప్పలేదు. ఇంకా తమ్ముడింట్లో ఊరికే కూర్చుని తినడమంటే ఆవిడకి చావుతో సమానం.

మూడో షాపు పెద్దది. మేనేజరు ఓ మొండి కస్టమరుని ఆవిడకే అప్పజెప్పి చూశాడు. ఆ కస్టమరు నవ్వుకుంటూ రెండు సంచులతో బయటికి వెళ్ళింది. మేనేజరు ముచ్చటపడి, కాగితం ముందుకి జరిపి, ఆ లైను మీద వేలుపెట్టి పెన్ను అందించాడు.

"దీన్నొక్కటి కొట్టేయండమ్మా. రేపే చేరిపోండి. మా ఓనరు కంటపడితే నేనేం చేయలేను."

పెద్దక్క పెన్ను అందుకుంది. ఒక్క గీత గీస్తే పనైపోతుంది. అద్దాల తలుపు అవతల కౌంటర్లో ఓ అమ్మాయి చెప్పు విడిచి, ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదాన్ని పిక్కకేసి రుద్దుకుంటోంది.

"ఇక్కడ వీళ్ళకి స్టూళ్ళున్నాయా బాబూ?"

ఆయన ఆ అమ్మాయి వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. ఆవిడ పెన్ను టేబుల్ మీద పెట్టేసి, కాగితం మడిచి సంచిలో వేసుకుంది.

"స్టూళ్ళు వేయించిన రోజున కబురు పెట్టండి. ఆ లైను నేనే కొట్టేస్తాను."

ఇంటికొచ్చేసరికి మరదలు గుమ్మంలోనే ఎదురైంది. "వచ్చిందా వదినా?"

"రాలేదు. ఆ కంప్యూటర్ తెరువు. లైను మరీ అడుగున పడింది, నా పేరు కిందే పెట్టు. అది చదివి కూడా రమ్మనేవాళ్ళ దగ్గరే చేస్తాను."