జీడితోట నంబరును ఎవరు చూశారు

భోగాపురం దగ్గర మా ఊళ్లో భూముల ధరలు పెరిగాక అందరికీ ఒకటే భయం పట్టుకుంది, రికార్డులో తమ పేరు ఉందో లేదో అని. సర్వే నంబరు కొడితే యజమాని పేరు చూపించే చిన్న పేజీ ఒకటి ఊరివాళ్ల కోసం తయారు చేశాను. మొదట అది పనిచేయలేదు. మన పేజీ ఇంకో సైటు నుంచి వివరాలు తెచ్చుకోబోతే, ఆ సైటు అనుమతి లేనిదే బ్రౌజరు ఒప్పుకోదు. అందుకని మధ్యలో నా సర్వరు పెట్టాను. పేజీ దాన్ని అడుగుతుంది, అది ప్రభుత్వ భూరికార్డుల సైటును అడిగి జవాబు తెచ్చిస్తుంది. దాన్నే ప్రాక్సీ అంటారు.

అలా అందరి ప్రశ్నలూ నా సర్వరు మీదుగానే వెళ్లేవి. ప్రతిదీ, ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చిందో దానితో సహా, దాని చిట్టాలో, అంటే లాగ్‌లో, నమోదయ్యేది. ఒకరోజు పేజీ నెమ్మదించిందని లాగ్ తెరిచాను. ఒకే సర్వే నంబరు, రోజూ, పదేపదే. అది మా పక్కింటి అత్త జీడితోటది. ఒకసారి ఆమె అడిగితే నేనే చూసి పెట్టాను గనక గుర్తుంది. అత్త దగ్గరున్నది బటన్ ఫోను. మావయ్య పోయాడు, పిల్లలు లేరు. మరి ఎవరు చూస్తున్నారు?

చెబుదామని ఆమె గుమ్మం దాకా వెళ్లాను. అందరూ ఏం వెతుకుతున్నారో నాకు తెలుస్తోందంటే ఊరు ఊరుకుంటుందా? అన్నం తిన్నావా అని అడిగి వచ్చేశాను.

వానలు మొదలయ్యేసరికి ఆ తోట ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పేరుకి మారిపోయింది. అత్త మా ఇంటికొచ్చింది.

"ఒరే, నా పేరు తీసీసారంట్రా. నీ కంప్యూటర్లో ముందుగా ఏటైనా తెలిసినాదేటి?"

"లేదత్తా."

"అవున్లే, తెలిస్తే సెప్పకుండా ఉంటావేటి."

ఆమె గుమ్మం దాటగానే లాగ్ మొత్తం చెరిపేశాను. ఎవరు చూశారో కనిపెట్టడానికి ఆమెకున్న ఆధారం అదొక్కటేనేమోనన్న ఆలోచన చెరిపాకే వచ్చింది. ప్రాక్సీ కూడా ఆపేశాను. ఇప్పటికీ ఉద్యోగంలో ఏ లాగ్ తెరిచినా నా కళ్లు ఆ నంబరునే వెతుకుతాయి.

అత్త ఇంకా పేరు కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. మొన్న బస్టాపులో కనబడితే బండి ఎక్కించుకున్నాను. కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నెమ్మదిగా పోనీరా, ఎగిరిపోతాయి."

ఆఫీసు దాకా నెమ్మదిగానే పోనిచ్చాను. ఆఫీసు ముందు దిగి, చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"సాయంత్రం రాకు. బస్సుకి వచ్చేస్తాను," అని లోపలికి నడిచింది.