గూడ్సు డ్రైవరు మావయ్య, జర్మనీ కారు

డ్రైవరు మావయ్య పోయారన్న కబురు పోయిన మంగళవారం పొద్దున్న అందింది. కలకత్తా వైపు ఉన్న మా రైల్వే ఊళ్ళో, మలంచా పేటలో మా కొట్టు తలుపులు తీస్తున్నాను. ఆయన వీధిలో ఉండే రిక్షా అతను బండి ఆపి, దిగకుండానే చెప్పాడు. టీ తాగారట, గ్లాసు కింద పెట్టారట, గోడకి ఒరిగారట. "ఏ సప్పుడూ నేదు బాబూ. టేసను రాగానే బండి ఆగినట్టే ఆగినారు" అన్నాడు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మా పక్కింటివాళ్ళు. మా అమ్మ ఆయన భార్యని వదినా అని పిలిచేది కాబట్టి నాకు ఆయన మావయ్య, ఆవిడ అత్త. సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు "ఎవరైనా రెండు మాటలు చెబుతారా" అంటూ నా వైపు చూశారు. నేను గుప్పెడు మట్టి వేసి పక్కకి తప్పుకున్నాను. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకోవడం తప్ప వేరే రాత అలవాటు లేనివాణ్ణి. అయినా అక్కడ చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

మావయ్య గూడ్సు బళ్ళ డ్రైవరు. పైమెట్టు ఎక్కి మెయిలు బళ్ళు నడపాలంటే రాత పరీక్ష ఉండేది, అందులో ఆయన నెగ్గలేదు. దాంతో చివరిదాకా బొగ్గు, ఇనపరాయి మోసే బళ్ళే నడిపారు. ఆవిరింజన్ల రోజులు పోతుండగా రిటైరయ్యారు. రిటైరైన మనిషి ఇంట్లో ఎంతసేపు కూర్చుంటాడు? దగ్గు వంక పెట్టుకుని మలంచాలో డాక్టరు దీదీ దగ్గరికి తరచూ వెళ్ళేవారు. ఆ కారు ఆయనకు కనబడింది అక్కడే.

దీదీ భర్త కొన్నేళ్ళు జర్మనీలో ఉద్యోగం చేసి, వస్తూ వస్తూ దాన్ని ఓడ మీద తెచ్చుకున్నారు. మీగడ రంగు. పొడవాటి ముక్కు. రెండే తలుపులు. లోపల ఎర్రటి తోలు సీట్లు, ముందు నిగనిగలాడే చెక్క పలక. వెనక సీటు ఉందంటే ఉంది. భర్త పోయాక దీదీ తన పాత చీరలు కలిపి కుట్టించిన ముసుగు వేసి, కారుని షెడ్డులో ఉంచారు. నడపడానికి వచ్చిన డ్రైవర్లందరూ ఒకటి రెండు రోజులకే మానేశారు. స్టీరింగు ఎడమ పక్కన ఉండటమే కారణం. ముందు లారీ ఉంటే దాని అవతల ఏముందో కనబడదు.

మావయ్య ముసుగెత్తి లోపలికి చూసి నవ్వారట.

"ఇదేటి దీదీ, దీనికా బయపడ్డారు? మా ఇంజన్లో డ్రైవరు సోటు ఎడమ పక్కే గదా. నా బతుకంతా ఇటే కూకున్నాను."

"కారు నడపడం వచ్చా, డ్రైవర్ దాదా?"

"వస్తాది."

వచ్చింది, మూడు నెలల తర్వాత. చుట్టాల టాక్సీ మీద నేర్చుకుని, లైసెన్సు పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డారు. దీదీ రెండు షరతులు పెట్టారు. బండి ఆదివారాలే తియ్యాలి. మలంచా నుంచి నిమ్‌పురా దాకా వెళ్ళి తిరిగి రావాలి, హైవే ఎక్కకూడదు. ఆవిడ భర్త హైవే మీద గాలికంటే ముందు పోయేవారట, ఆ భయం ఆవిడకి పోలేదు. "ఠీక్ హై" అన్నారు మావయ్య. ఆ కారు అన్నేళ్ళు కొత్తదానిలా ఉండిపోయిందంటే సగం ఆ షరతుల వల్ల, సగం మావయ్య వల్ల.

ఆదివారం గుడిలో ఆరాధన అవగానే తెల్ల చొక్కాతోనే షెడ్డుకి వెళ్ళేవారు. వెంట నేను. ఇంజన్ని షెడ్డు నుంచి తీసే ముందు పరీక్ష చేసినట్టు దాన్ని చుట్టూ చూసేవారు. చక్రాలను ఒక్కొక్కటీ గరిటెతో కొట్టి, చెవి ఒగ్గి వినేవారు. రైలు చక్రానికి బీట ఉంటే మోతలో తెలుస్తుంది. రబ్బరు చక్రం ఏం చెబుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ప్రతి ఆదివారం ఆ వేళకి ఆయనింట్లో అత్త గొంతు వీధంతా వినబడేదట. "ఆదోరం పూటే నా గరిటె కాళ్ళొచ్చి ఎల్లిపోతాదేటి!"

మొదటి ఆదివారం సంగతి చెప్పాలి. మలంచా రోడ్డు దాటాం. నిమ్‌పురా క్వార్టర్ల దగ్గర మలుపు వచ్చింది. మావయ్య నెమ్మదించారు, తల కిటికీలోంచి బయటపెట్టి వెనక్కి చూడటం మొదలుపెట్టారు. కారు మాత్రం తిన్నగా పోయి ఒక ఇంటి ముందున్న చిక్కుడు పందిరిలో దూరి ఆగింది.

గూడ్సు డ్రైవరు ప్రతి మలుపులోనూ వెనక్కి చూస్తాడు. బండి మొత్తం వస్తోందా, చివర గార్డు జెండా కనబడుతోందా అని. ఇంజన్ని తిప్పే పని పట్టాలు చూసుకుంటాయి. ముప్పై ఏళ్ళ అలవాటు అది.

పందిరి గలావిడ చీపురుతో బయటికొచ్చింది. మావయ్య కంటే పెద్దది, అందరికీ అప్ప, అంటే అక్క.

"ఓర్నాయనో! పట్టాలు నేకపోతే నీకు దారి అగుపడదేటిరా?"

"గార్డు జెండా ఊపినాడో నేదో సూస్తన్నాను అప్పా."

"గార్డూ నేడు, నీ మొకమూ నేదు! ముందు నా సిక్కుడుకాయలు ఏరు."

ఇద్దరం వంగి ఏరాం. ఆవిడ తిడుతూనే మా జేబుల నిండా కూరి పంపింది. కారు మీద గీత కూడా పడలేదు, తీగలు మాత్రం రెండు అద్దాలకు వేలాడుతున్నాయి. ఆ రాత్రి మావయ్య ఇంట్లోనూ మా ఇంట్లోనూ, కారణం తెలియకుండానే దీదీ ఇంట్లోనూ చిక్కుడుకాయ కూర.

ఆ తర్వాతి ఆదివారం మావయ్య కొత్త పద్ధతి తెచ్చారు. అసలది పాత పద్ధతే. ఇంజన్లో ఒకరికి సిగ్నలు కనబడగానే గట్టిగా చెప్పాలి, రెండోవాళ్ళు అదే మాట తిరిగి చెప్పాలి.

"అల్లుడూ, ఇకనుంచి నువ్వు నా అసిస్టెంటువి. కుడి పక్క నాకు అగుపడదు. నీకు ఏటి అగుపడితే అది గట్టిగా సెప్పు. నాను తిరిగి సెప్పకపోతే నాకు ఇనబడనట్టే."

"లారీ" అన్నాను నేను.

"ఎవులితో సెప్తన్నావు, లారీతోనా? గట్టిగా!"

"లారీ!"

"లారీ!"

అలా మొదలైంది. సైకిలు అంటే సైకిలు, ఖాళీ అంటే ఖాళీ. ఒకసారి "మేక!" అని అరిచాను. "మేక!" అన్నారు. మేక మధ్యదాకా వచ్చి ఆగింది. దీనికి ఏం చెప్పాలో తెలియక "మేక ఆలోచిస్తోంది!" అన్నాను. ఆయన మొహంలో నవ్వు లేకుండా "మేక ఆలోసిస్తంది!" అని తిరిగి చెప్పి బ్రేకు వేశారు. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసి, ఇంత మంచి కారులో ఇద్దరూ దెబ్బలాడుకుంటున్నారేమిటి అనుకునేవారు. నాకు నలుగురిలో గొంతెత్తి మాట్లాడటం అంటూ వచ్చిందంటే ఆ కుడి సీట్లోనే వచ్చింది.

నిమ్‌పురా యార్డు కనబడే చోట కారు కాసేపు ఆపేవాళ్ళం. మెయిలు బళ్ళు దుమ్ము లేపుకుంటూ పోయేవి. పక్క లైన్లో గూడ్సు బండి ఒకటి ఎప్పుడూ ఎదురుచూస్తూ ఉండేది.

"అదుగో, అదీ నా బతుకు" అనేవారు. మెయిలు వస్తోందంటే గూడ్సుని పక్కకి తప్పిస్తారు. అది పోయాక ఇంకోటి. చాయ్ కాచుకుని, తాగి, గ్లాసులు కడుక్కునే దాకా కదలని రోజులున్నాయట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ ఉండేది కాదు. "ఆగిన బండిని తక్కువ సెయ్యకల్లుడూ. అది ఆగబట్టే ఇంకోటి ఎల్తన్నాది" అనేవారు. మా కొట్లో బేరం లేని రోజుల్లో నాకు ఆ మాట ఎన్నోసార్లు పనికొచ్చింది.

ఒక్క ఆదివారం మాత్రం స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి, "ఇది మెయిలింజను రా. నా సేతిలో పడి ఇదీ గూడ్సయిపోయినాది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవులికీ దారియ్యకుండా మెయిన్ లైన్లో ఎల్లాలి" అన్నారు. అంతకుముందు గానీ తర్వాత గానీ ఆయన తనకోసం ఏదైనా కోరగా నేను వినలేదు.

తొంభైల మొదట్లో దీదీకి మోకాళ్ళు పట్టేశాయి. వైద్యం మానేసి కారు అమ్మేసి, కలకత్తాలో చెల్లెలి దగ్గర ఉందామనుకున్నారు. పాత కార్లంటే ప్రాణమిచ్చే బాబు ఒకాయన అక్కణ్ణుంచి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి, ఆ చప్పుడుకే మురిసిపోయాడు. ఇంత తక్కువ తిరిగిన బండిని తన జన్మలో చూడలేదన్నాడు. ఆ తక్కువ తక్కువగానే ఉండాలి కాబట్టి లారీ మీద ఎక్కించుకుపోతానన్నాడు.

మావయ్య మొహం వాడిపోవడం చూశాను. పెద్దవాళ్ళ మాటకి అడ్డు చెప్పే మనిషి కాదు. ఆ రోజు చెప్పారు.

"బాబూ, ఇది డెడ్ ఇంజను కాదండి."

ఆ బాబుకి అర్థం కాలేదు. చెడిపోయిన ఇంజన్ని ఇంకో ఇంజను లాక్కుపోతుంది, దాన్ని డెడ్ ఇంజను అంటారని నేను హిందీలో చెప్పాను.

"పేణమున్నదాన్ని మోసుకుపోతారేటండి? నడిసి ఎల్తాది. నాను తీసుకొస్తాను."

దీదీ లేచి వచ్చి కారు మీద చెయ్యి వేశారు. తర్వాత ఆ బాబుతో, "దాదా నడుపుకుంటూ తీసుకొస్తేనే ఇస్తాను. లేకపోతే ఇది ఇక్కడే ఉంటుంది" అన్నారు. మావయ్య వైపు తిరిగి, "హైవే మీదే వెళ్ళండి" అన్నారు.

బయల్దేరేటప్పుడు ఆ బాబు ముందు సీటు తలుపు తీశాడు. మావయ్య మర్యాదగానే, "అది అసిస్టెంటు సీటండి" అన్నారు. పాపం ఆ పొడుగాటి మనిషి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వెనక సర్దుకున్నాడు. దీదీ గుమ్మంలో నిలబడి, మేం మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపారు. మావయ్య ఈసారి వెనక్కి చూడలేదు.

శీతాకాలపు ఎండ, రెండు పక్కలా కోతకొచ్చిన వరి. నేను అరుస్తున్నాను, ఆయన తిరిగి చెబుతున్నారు. ఇంజను గొంతు మారింది. ఆ గొంతు దానికి ఉందని మాకు అంతవరకూ తెలియదు. వెనకనుంచి బాబు "ఆస్తే దాదా, ఆస్తే!" అంటున్నాడు. నెమ్మదిగా పొమ్మని. మావయ్య "ఆస్తే!" అని తిరిగి చెప్పి అదే వేగంతో పోతున్నారు.

కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద మా రోడ్డు వంతెన, పక్కనే రైలు వంతెన. మేం ఎక్కుతుండగా వెనకనుంచి మెయిలు బండి కూత వినబడింది. మా కారు నెమ్మదించింది.

"ఏటయింది మావయ్యా?"

ఆయన తన కాలి వైపు చూసుకున్నారు. బ్రేకు మీద ఉంది. మెయిలు కూత వింటే ఆ కాలికి తెలిసిన పని అదొక్కటే. సిగ్గుపడుతూ నవ్వారు. మెయిలింజను మా పక్కకొచ్చింది, పెట్టెలు మమ్మల్ని దాటడం మొదలుపెట్టాయి.

వెనక సీట్లోంచి ఒక పొడుగాటి చెయ్యి ముందుకొచ్చి మావయ్య భుజం తట్టింది. ఆ బాబే. "ఆగుతారేంటి దాదా? చలో! చలో!"

ముందు రోడ్డు చూశాను. ఒక్క బండి లేదు. నా గొంతులో ఉన్నదంతా పెట్టి "ఖాళీ!" అని చెప్పాను. మావయ్య తిరిగి చెప్పారో లేదో వినబడలేదు, ఇంజను అంత పెద్దగా అరిచింది. సీటు నా వీపుని తోసింది. వంతెన మీద మెయిలు వేగం తగ్గించాలి, మాకు ఆ నియమం లేదు. మమ్మల్ని దాటిపోయిన పెట్టెలు ఒక్కొక్కటీ మళ్ళీ మా పక్కకొచ్చి వెనక్కి జారిపోతున్నాయి. ఒక కిటికీలో అరటిపండు వలుస్తున్న పెద్దాయన చేతులు ఆపేసి మమ్మల్ని చూస్తున్నాడు. ఇంకో కిటికీలో నలుగురు ఒకరి మీద ఒకరు పడుతూ మా వైపు చేతులు చాపారు. మావయ్య తెల్ల జుత్తు గాలికి లేచి నిలబడింది. మేం ఇంజను పక్కకి వచ్చాం. దాని కిటికీలోంచి మెయిలు డ్రైవరు తల తిప్పి చూశాడు. కుర్ర డ్రైవరు. ఆ మీగడరంగు కారుని, అందులో ఎడమ పక్కన కూర్చున్న ముసలాయన్ని చూసి, ఏమనుకున్నాడో, చెయ్యెత్తి నుదుటికి ఆనించాడు. మావయ్య చెయ్యెత్తలేదు, రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ, కళ్ళమ్మట నీళ్ళు చెవుల వైపు పాకుతుండగా, అతన్ని దాటి ముందుకు పోతున్నారు.