పీకేసిన వైర్ల రాగం

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మైక్ సెట్ నడిపేవాడికి ఆ సరదా ఉండదు. ఏ మూల గుయ్యిమన్నా, వెతికితే వదులైన వైరొకటి దొరుకుతుంది.

మాది మండపేట. రెండువేల సంవత్సరం ప్రాంతంలో మద్రాసు నుంచి డిజిటల్ ఎకో మిషన్ తెప్పించాను. దాని గుండా పంపితే తుమ్ము కూడా కైలాసం నుంచి దిగివచ్చినట్టుండేది. మిక్సర్ నుంచి ఒక వైరు గొంతును అందులోకి తీసుకెళ్తుంది. ఇంకోటి దాన్ని సాగదీసి వెనక్కి తెస్తుంది.

మా మావయ్య పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఆయన రాగం తీస్తే రైసుమిల్లులు ఆగి వినేవని ప్రచారం చేసింది నేనే. జబ్బు చేసి లేచాక ఆయనకు పైస్థాయి అందలేదు. ఆ మాట చెప్పే ధైర్యం లేక, పద్యం చివర ఎకో పెంచేసేవాణ్ణి. జనం వన్స్ మోర్ కొట్టేవారు. గొంతు తిరిగొచ్చిందని ఆయన మురిసిపోయేవారు. ఏడాదిపాటు అలా మోసం చేశాను.

పెద్దాపురం జాతరలో నాటకం. మధ్యాహ్నం ఖాళీ పందిట్లో మైకులు సరిచూస్తుంటే ఆయన వచ్చారు.

"నీ మిషన్ తీసెయ్యరా. నా గొంతేదో నేను వినాలి. బాగోకపోతే ఈ పూట రంగేసుకోను" అన్నారు.

రెండు వైర్లూ పీకి చేత్తో పట్టుకున్నాను. ఆయన పద్యం ఎత్తుకున్నారు. చివరి రాగంలో, నేను భయపడ్డ చోటే, గొంతు తెగిపోయింది.

స్పీకర్లలో రాగం ఆగలేదు. ఇంకా పైకెక్కింది.

ఏది చెప్పినా పదింతలు చేస్తానని నాకు పేరు. ఇది మాత్రం తగ్గించే రాస్తున్నాను. ఆయన నోరు మూసే ఉంది. టేపురికార్డరు ఇంకా వ్యాను దిగలేదు. మిషన్ దాచుకోగలిగింది రెండు సెకన్లు, అదీ విన్నదాన్నే. ఇది ఆయన పాడని ముక్క.

మావయ్య నా వైపు కోపంగా చూశారు. వైర్లు రెండూ పైకెత్తి చూపించాను. రాగం పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు.

"అది నా గొంతే. జబ్బుకి ముందుది" అన్నారు. స్పీకరు వైపు చెయ్యి చూపించి, "అయితే ఇన్నాళ్ళూ వన్స్ మోర్ నాకు కాదు, వాడికన్నమాట" అన్నారు.

ఆ పూట వేషం కట్టలేదు. తర్వాత ఎన్నడూ పాడలేదు. మరుసటి వానాకాలంలో పోయారు.

ఎందరో మెకానిక్కులను అడిగాను. విప్పి చూసి, అంతా బాగానే ఉందన్నారు. మిషన్ అటక మీదుంది. ఒక్కసారి పెట్టి చూడు నాయనా, ఆయన గొంతు వింటాను అని అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంది. ఫ్యూజు పోయిందని అబద్ధం చెబుతున్నాను. వినిపిస్తుందేమోనని భయం. వినిపించకపోతే, ఆవిడ మొహం చూడాల్సి వస్తుందని అంతకంటే భయం.