చెల్లెలి మీద నేను చెప్పిన సాక్ష్యం

ఈ మాట ఇన్నేళ్లుగా నాతోనే లేస్తోంది, నాతోనే పడుకుంటోంది. చెప్పడానికి నోరు రాలేదు. రాయడానికి మొన్నమొన్నటిదాకా అక్షరం రాలేదు. ఇప్పుడు వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా చెల్లెలి చదువు నా వల్ల ఆగిపోయింది.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. అమ్మ పోయాక ఇంట్లో నాయన, నేను, చెల్లెలు ఎస్తేరు. మేకల వెంట ఒకరు ఉండాలి గనుక నేను మిషన్ బడికి పోలేదు. ఎస్తేరు పోయింది, బాగా చదివింది. సంఘపెద్దలు మాట్లాడితే మిషన్ వాళ్ల సాయంతో మద్రాసులో కాలేజీకి కూడా పోయింది. ఆమెను రైలెక్కించిన రోజు నాకు అసూయ లేదు. లేదనే అనుకుంటాను.

ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు మొదలైంది. ఆమె కట్టిన చీర చూసి కాదు. ప్రతిదానికీ, "ఎవురు చెప్పినారు? వాళ్లకెట్ల తెలుసు?" అని అడిగేది. అట్లా అడిగిన పిల్లలను కాలేజీలో మెచ్చుకుంటారట. చిన్నప్పుడు నేనూ అడిగేదాన్ని. "నీకెందుకే" అని నాయన కసిరేవాడు. ఇప్పుడు ఎస్తేరు అడుగుతుంటే అదే నాయన నోరు తెరుచుకుని మురిసిపోయేవాడు. అది చూసి నాకు కడుపు మండేది.

కాలేజీలో ఇంకో అలవాటు ఉందని చెప్పింది. ఏదో ఒక విషయం మీద వాదన పెడతారు. చీటీలో ఏ పక్షం వస్తే, నమ్మినా నమ్మకపోయినా, ఆ పక్షమే మాట్లాడాలి. ఎదుటివాళ్ల వైపు నిలబడి చూస్తేనే మన నమ్మకం ఎంత గట్టిదో తెలుస్తుందట. ఆమె చీటీలో వచ్చిన పక్షం ఇది: కరువు పోవాలంటే చెరువులు తవ్వాలి, ప్రార్థనతో పని లేదు. గుట్ట కింద మేకలకు ఎదురుగా నిలబడి ఆ మాటలు చదివి చదివి నేర్చుకునేది.

"తవ్వినాంక దాంట్లోకి వాన రావద్దా ఏందే?" అన్నాను ఒకసారి.

ఆమె ఆగిపోయింది. ఆలోచించింది. "వాన వచ్చినా చెరువు లేకపోతే నిలిచేదెక్కడక్కా?" అంది. తర్వాత నన్ను వాటేసుకుని, "అయినా నీ మాట బలే ఉంది. అక్కడ చెప్తా, అందరూ చప్పట్లు కొడతారు" అంది.

ప్రేమతోనే అంది. నాకు మాత్రం ఒళ్లంతా మండింది. నా మాట కూడా ఆమెతోపాటు రైలెక్కి మద్రాసు పోతుంది. నేను మేకలతో ఇక్కడే ఉంటాను.

సాయం మరో ఏడాది కొనసాగాలంటే మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఆరాధన అయ్యాక పిల్ల నడవడి గురించి ఇంటివాళ్లు సాక్ష్యం చెప్పాలి. ఆడపిల్లయితే ఇంట్లో పెద్ద ఆడమనిషే చెప్పాలి. మా ఇంట్లో అది నేను.

"ఏమ్మా, మీ చెల్లెలు ఎట్లుంది?" అని సంఘపెద్ద అడిగినాడు.

"బాగుంది మామా. కాకపోతే..."

"కాకపోతే ఏంది?"

"వానకు ప్రార్థన ఎందుకంటాది. చెరువు తవ్వుకుంటే చాలంట."

"అయితే రేపు పార ఇచ్చి పంపండి, తవ్వుకొస్తాది" అని వెనక నుంచి ఎవరో నవ్వారు. సంఘపెద్ద నవ్వలేదు. ఎస్తేరు వైపు తిరిగి, "అన్నావా?" అని అడిగినాడు.

"అన్నాను మామా. అది కాలేజీలో వాదన కోసం. నా నమ్మకం కాదు. అక్కకు అంతా చెప్పినాను, అడగండి."

అందరూ నన్ను చూశారు. ఒక్క ముక్క చాలు. అవును, చెప్పింది, అంటే చాలు.

"నాకేం తెలుసు మామా, చదువు రాని దాన్ని" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. ఏదో లెక్క తేలనట్టు చూసింది, అంతే.

సాయం ఆగింది. ఎస్తేరు మళ్లీ మద్రాసు రైలు ఎక్కలేదు. పక్క ఊళ్లో చిన్నపిల్లల బడిలో పంతులమ్మ అయింది. పొద్దువాలాక మా ఆడవాళ్లకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. నాకు అ, ఆ లు చెయ్యి పట్టుకుని దిద్దించింది ఆమే. నేను రాస్తున్న ఈ అక్షరాలు ఆమె ఇచ్చినవే. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అన్నిటికీ ఎందుకని అడిగే మనిషి నన్ను మాత్రం ఎన్నడూ అడగలేదు. తెలిసి అడగలేదా? నేను చెబుతానని చూస్తోందా? లేక నాకు నిజంగానే అర్థం కాలేదని నమ్మి, నన్ను క్షమించేసిందా? అదే నిజమైతే ఆ క్షమాపణ నాది కాదు. నేను చేయని తప్పుకు అది.

నాకు అర్థమైంది. ఆమె చెప్పిన ప్రతి మాటా ఆ రోజే అర్థమైంది. అంత బాగా అర్థమైంది గనుకనే ఓర్చుకోలేకపోయాను. ఆ కాలేజీలో కూర్చుని అడగాల్సినదాన్ని నేనూ అనిపించింది. నేను పోలేని చోటికి ఆమె కూడా పోకూడదనిపించింది.

ఆమెకు ఈ మాట చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరు నన్ను మన్నించనక్కరలేదు. తెలిసే చేశాను. ఆ మాట నా చేత్తో రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.